అర అంగుళపు చరిత్ర

తుంటి మీద కొడితే మూతిపళ్ళు రాలాయని మనకొక సామెత ఉంది. పొంతన లేని కార్యకారణాలను ముడిపెట్టేవారిని ఎగతాళి చేయడానికి దాన్ని వాడతాం. తుంటి కీలు గురించి కొంతకాలంగా చదువుతున్నకొద్దీ, సామెత చెప్పిన పెద్దల మీద గౌరవం తగ్గకుండానే, తుంటికీ తక్కిన దేహానికీ ఉన్న పొంతన నాకు బాగా తెలిసివచ్చింది. అక్కడ ఒక కాలు అర అంగుళం హెచ్చితే ఆ కాలు మోకాలి దగ్గర వంగజూస్తుంది, రెండో కాలు మునివేళ్ళ మీద లేవజూస్తుంది, నడుము ఒక పక్కకు ఒరుగుతుంది. పళ్ళ సంగతి చెప్పలేను గాని, వెన్నెముక దాకా మాత్రం వార్త చేరుతుంది.

తుంటి కీలు మార్పిడి చేయించుకున్నవారిలో కొందరు, నొప్పి పూర్తిగా పోయిన తరువాత కూడా, ఒక కాలు పొడుగైందని చెబుతారు. మన బంధువర్గాల్లోనూ ఈ మాట ఇప్పుడు వినబడుతూనే ఉంది. ఈ ఫిర్యాదు ఎప్పుడు పుట్టింది, ఎందుకు పుట్టింది అని వెదుకుతూ పోతే నాకొక విచిత్రమైన చరిత్ర కనిపించింది. నేను వైద్యుణ్ణి కాను. పాత సంగతులు తవ్వుకునే అలవాటు ఉన్నవాణ్ణి మాత్రమే. ఆ దృష్టితోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

1826లో ఫిలడెల్ఫియా నగరంలో జాన్ రే బార్టన్ అనే శస్త్రవైద్యుడు, తుంటి బిగుసుకుపోయి కాలు కదలని ఒక నావికుడికి చికిత్స చేశాడు. తొడ ఎముకను పైభాగాన రంపంతో కోసి, ఆ తెగిన చోటే కీలులాగా కదిలేటట్టు చేయాలన్నది ఆయన ఆలోచన. ఈథరు మత్తు లోకానికి తెలియడానికి ఇంకా ఇరవై ఏళ్ళ వ్యవధి ఉంది. పని ఏడు నిమిషాల్లో ముగిసిందని చెబుతారు. స్పృహలో ఉన్న మనిషి ఎముకను రంపంతో కోస్తున్నప్పుడు వేగమే దయ. అటువంటి గదిలో కాలు పొడవెంత అన్న ప్రశ్న ఎవరికీ తట్టదు. బతికి బయటపడ్డాడా, కాలు కదిలిందా, ఈ రెండే ప్రశ్నలు.

ఆ తరువాత 1890 ప్రాంతంలో బెర్లిన్‌లో థెమిస్టొక్లిస్ గ్లుక్ ఏనుగు దంతంతో కీళ్ళు చేసి అమర్చి చూశాడు. ఆయన రోగుల్లో చాలామందివి క్షయ సోకిన కీళ్ళు. కీలు ఎంత చక్కగా చెక్కినా లోపలి చీము ఊరుకోలేదు, ఆ ప్రయత్నం నిలబడలేదు. ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో, ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేసిన గర్డిల్‌స్టోన్ వేరే దారి పట్టాడు. కుళ్ళిన తుంటి కీలులోని బంతినీ దాని మెడనూ తీసివేసి, ఆ స్థానంలో ఏమీ పెట్టకుండా వదిలేయడం ఆయన పద్ధతి. ఖాళీ అయిన చోట మచ్చకండ పేరుకుని ఒక మెత్తటి కీలులాంటిది ఏర్పడుతుంది. చీము పోతుంది, నొప్పి తగ్గుతుంది. కాలు మాత్రం అనేక సెంటీమీటర్లు పొట్టిదవుతుంది. అడుగున మందంగా ఎత్తు కట్టిన బూటూ, చేతికర్రా జీవితాంతం తోడు. అయినా ఆ రోగులకది వరమే. ప్రాణానికి వెలగా కాలి పొడవులో కొంత చెల్లించడం వారికి నష్టంగా తోచి ఉండదు. నేటికీ, మార్చిన కీలు చీము పట్టి ఏ మందుకూ లొంగనప్పుడు వైద్యులు చివరి దారిగా ఈ పద్ధతినే ఆశ్రయిస్తారు.

కీలును తీసివేయడం నుంచి నిలబెట్టడం వైపు సాగిన దారి కూడా సులువుగా లేదు. బోస్టన్‌లో స్మిత్ పీటర్సన్ 1923లో తొడ ఎముక బంతి మీద గాజు గిన్నె బోర్లించాడు. గాజు పగిలింది. 1938 నాటికి ఆయన విటాలియం అనే మిశ్రలోహానికి వచ్చాడు. అదే ఏడు లండన్‌లో ఫిలిప్ వైల్స్ బంతినీ గిన్నెనూ రెంటినీ ఉక్కుతో చేసి అమర్చాడు. 1946లో పారిస్‌లో జ్యూడే సోదరులు ఆక్రిలిక్ బంతిని వాడారు. అది అరిగిపోయేది, విరిగిపోయేది. అటువంటి ఆక్రిలిక్ బంతి అమర్చుకున్న ఒకాయన భోజనాల బల్ల దగ్గర ముందుకు వంగినప్పుడల్లా తుంటి కిర్రుమనేదట. ఆ శబ్దం భరించలేక ఆయన భార్య ఆయనున్న గదిలో ఉండేది కాదట. ఈ కిర్రుమన్న తుంటి కథ విని, కీలులో రాపిడి గురించి తీవ్రంగా ఆలోచించడం మొదలుపెట్టినవాడు జాన్ చార్న్‌లీ. తుంటి మార్పిడి చరిత్రలో అసలైన అధ్యాయం ఆయనతోనే ప్రారంభం.

చార్న్‌లీ 1911లో ఇంగ్లండ్‌లోని బరీ పట్టణంలో పుట్టాడు. లాంకషైరులో రైటింగ్టన్ అనే చోట, అంతకుముందు క్షయరోగుల కోసం నడిచిన ఆసుపత్రిలో, ఆయన తన ప్రయోగశాల పెట్టుకున్నాడు. తొడ ఎముకలో ఉక్కు కాడ, దాని కొసన చిన్న బంతి, కటి ఎముకలో జారుడుగుణం ఉన్న ప్లాస్టిక్ గిన్నె, రెంటినీ ఎముకకు పట్టి ఉంచడానికి దంతవైద్యులు వాడే ఆక్రిలిక్ సిమెంటు. ఇదీ ఆయన కూర్పు. గిన్నె కోసం 1958 నుంచి టెఫ్లాన్ వాడాడు. సుమారు 300 మందికి అమర్చాడు. మొదట అద్భుతంగా ఉంది. మూడు నాలుగేళ్ళు తిరిగేసరికి టెఫ్లాన్ అరిగి, ఆ పొడి చుట్టూ కండను కుళ్ళబెట్టింది. ఆ రోగులను మళ్ళీ పిలిచి, ఒక్కొక్కరికీ తన చేతులతోనే ఆ కీళ్ళను తీశాడు. అంతేగాక టెఫ్లాన్ పొడిని తన తొడలోకే ఎక్కించుకుని ఏమవుతుందో పరీక్షించుకున్నాడు.

1962 మే నెలలో, లాంకషైరు మరమగ్గాల పళ్ళచక్రాలకు వాడే ఒక ప్లాస్టిక్ ముక్కను ఒక అమ్మకందారు రైటింగ్టన్‌కు తెచ్చాడు. చార్న్‌లీకి అది నచ్చలేదు. ఆయన ఊళ్ళో లేనప్పుడు ప్రయోగశాలలో పనిచేసే హ్యారీ క్రేవెన్ దాన్ని అరుగుదల యంత్రానికి ఎక్కించాడు. వారాల తరబడి తిప్పినా అది అరిగింది అత్యల్పం. ఆ ఏడాది నవంబరులో ఆ పాలీఇథిలీన్ గిన్నె మనిషి తుంటిలోకి వెళ్ళింది. ఇప్పటికీ ప్రపంచమంతటా వాడుతున్న గిన్నెలలో చాలా భాగం దాని సంతతే. నేతగాళ్ళ చక్రం నుంచి నడక రావడం నాకు ఎప్పుడు తలచుకున్నా ముచ్చటగానే ఉంటుంది.

ఇక్కడిదాకా చెప్పింది చాలామంది రాసిన కథే. నాకు కావలసిన అర అంగుళం దాగి ఉన్నది చార్న్‌లీ చేసిన మరొక పనిలో.

తుంటి కీలు దానంతటది నిలవదు. చుట్టూ ఉన్న కండరాల బిగువు దాన్ని నిలబెడుతుంది. తొడ ఎముక పైభాగాన బయటివైపు ఒక పెద్ద గుబ్బ ఉంటుంది. నడిచేటప్పుడు నడుము ఒరిగిపోకుండా పట్టి ఉంచే కండరాలు దాని మీదికే వచ్చి అతుక్కుంటాయి. చార్న్‌లీ ఆ గుబ్బను కండరాలతో సహా కోసి పైకెత్తి, కీలు అమర్చి, ఆపైన గుబ్బను తనకు కావలసిన చోట తీగలతో బిగించి కట్టేవాడు. కాలు పొడవు ఒక ఎత్తు, కండరాల బిగువు మరొక ఎత్తు. రెంటినీ వేరువేరుగా సర్దుకోవడానికి ఆ గుబ్బ ఆయనకొక తాళపుచెవి అయింది. అందులోనూ ఆయన వాడిన బంతి 22 మిల్లీమీటర్ల చిన్న బంతి. రాపిడి తక్కువ, కాని గిన్నెలోంచి జారడానికి అనువు ఎక్కువ. అందుచేత బిగువు ఆయనకు అత్యవసరం.

అయితే తీగలు తెగేవి. కోసిన గుబ్బ కొందరిలో తిరిగి అతికేది కాదు. పనికి కాలం ఎక్కువ పట్టేది, రక్తం ఎక్కువ పోయేది. తరువాతి తరం శస్త్రవైద్యుల్లో ఎక్కువమంది గుబ్బను కోయకుండానే, వెనుక నుంచో పక్క నుంచో కీలును చేరే దారులు ఎంచుకున్నారు. రోగికి ఇది మేలే. కాని తాళపుచెవి చేజారింది. గుబ్బను కదిలించకుండా కండరాలను బిగించాలంటే మిగిలిన సులువైన మార్గం ఒక్కటే, లోపలి కాడకు పొడవు మెడ ఉన్న బంతిని తగిలించడం. ఆ మెడ ఏటవాలుగా ఉంటుంది కదా. దాన్ని పది మిల్లీమీటర్లు పెంచితే కాలు పక్కకు జరగడమే గాక ఆరేడు మిల్లీమీటర్లు కిందికీ దిగుతుంది. కీలుకు బిగువు వస్తుంది, కాలుకు పొడవు వస్తుంది. ఒకదాన్ని కొంటే రెండోది కొసరుగా అంటగడతారు.

శస్త్రచికిత్స బల్ల మీద జరిగేది ఊహించండి. రోగి పక్కకు తిరిగి గుడ్డల కింద ఉంటాడు. రెండు పాదాలు పక్కపక్కన పెట్టి చూడడం కుదరదు. మత్తుమందు వల్ల కండరాలు వదులై ఉంటాయి. వైద్యుడు కాలును లాగి చూస్తాడు. వదులుగా తోస్తుంది. ఈ వదులుతో పంపితే వారం తిరక్కుండా కీలు తప్పవచ్చు. కీలు తప్పడం భయంకరమైన నొప్పి, మళ్ళీ ఆసుపత్రి, మళ్ళీ మత్తు. కాలు ఒక సెంటీమీటరు పొడుగవడం దాని ముందు చిన్న విషయం. అందుకని ఇంకొంచెం పొడవు మెడ ఉన్న బంతిని అడుగుతాడు. సిమెంటు లేకుండా ఎముకలో బిగించే కాడలు వచ్చాక మరొక చిక్కు తోడైంది. ఆ కాడ ఎక్కడ బిగుసుకుంటే అక్కడే ఆగుతుంది. అనుకున్నదానికన్నా పైన ఆగిందా, కాలు ఆమేరకు పొడుగైనట్టే.

ఈ సాగదీతకు ఒక హద్దుంది. కాలు వెనుకగా దిగే పెద్ద నరం దారంలా సాగదు. 1987లో వెలువడిన ఒక పరిశీలనలో, ఆ నరం పూర్తిగా దెబ్బతిన్నవారిలో కాలు 4 సెంటీమీటర్లకు మించి పొడుగైనట్టు తేలింది. పాదాన్ని పైకెత్తే శాఖ మాత్రమే దెబ్బతిన్నవారిలో సాగదీత అంతకన్నా తక్కువ. కనుక వైద్యుడు ఒకవైపు కీలు తప్పుతుందన్న భయానికీ, మరొకవైపు నరం తెగుతుందన్న భయానికీ నడుమ నిలబడి ఆ మెడను ఎంచుతాడు. ఆ రెండు భయాల మధ్య ఉన్న ఇరుకు సందులోనే మన అర అంగుళం కాపురముంటుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఈ ఫిర్యాదు ఎప్పుడు పుట్టింది? శస్త్రచికిత్స తరువాతి కాలి పొడవును ప్రత్యేకంగా లెక్కించిన తొలి నాటి వ్యాసాల్లో ఒకటి 1978లో వచ్చింది. అంటే పాలీఇథిలీన్ గిన్నె వచ్చిన పదహారేళ్ళకు. అంతకుముందు కాళ్ళు సమానంగా ఉండేవని దీని అర్థం కాదు. బార్టన్ రోగికి ప్రాణభయం, గర్డిల్‌స్టోన్ రోగికి చీము, చార్న్‌లీ తొలి రోగులకు అరుగుదల. ఒక్కొక్క పెద్ద దుఃఖం తీరిన తరువాత గాని, దాని వెనుక నిలబడిన చిన్న దుఃఖం వంతు రాలేదు. కాలు పొడుగైందన్న ఫిర్యాదు ఈ శస్త్రచికిత్స సాధించిన విజయానికి పుట్టిన బిడ్డ. నడవలేనివాడు కాలి పొడవు గురించి ఏమడుగుతాడు? నడిచేవాడే అడుగుతాడు.

విజయం పెరిగినకొద్దీ ప్రశ్న కూడా గట్టిపడింది. అమెరికాలో ఈ తేడా న్యాయస్థానాలకెక్కింది. 2000లో వచ్చిన ఒక వైద్యవ్యాసం శీర్షికలోనే న్యాయవాది కాచుకుని ఉన్నాడని హెచ్చరించారు. 2002లో బ్రిటిష్ ఎముకల వైద్య పత్రిక ఒకటి కాలి పొడవు ముఖ్యం కాదు అన్న శీర్షికతో వ్యాసం వేసింది. మూడేళ్ళకు, 2005లో, అదే పత్రికలో మరొక వ్యాసం ఆ పొడవుకున్న ప్రాముఖ్యమే శీర్షికగా వెలువడింది. 2007లో లాన్సెట్ పత్రిక తుంటి మార్పిడిని శతాబ్దపు శస్త్రచికిత్స అని కీర్తించింది. ఈ వ్యాసాలన్నీ నిజాయితీగా రాసినవే. వాటిలో కొలిచినవి వేరు, అంతే. ఒకరు ఎక్స్‌రే మీద మిల్లీమీటర్లు కొలిచారు, ఒకరు రోగిని అడిగారు.

ఈ భేదం నాకు పుస్తకాల్లోకన్నా ముందు ఇంట్లోనే తెలిసింది. మా అమ్మకు కొన్నేళ్ళ క్రితం ఎడమ తుంటి మార్చారు. నొప్పి పోయింది. పదేళ్ళుగా రాత్రిళ్ళు పట్టని నిద్ర పట్టింది. కాని లేచి నడవడం మొదలుపెట్టినప్పటి నుంచీ ఒకటే మాట: "ఏమిట్రా, గచ్చు ఒకవైపు ఏటవాలుగా పోశారా?" వైద్యుడు ఆమెను పడుకోబెట్టి, నడుము ముందుభాగాన తగిలే ఎముక మొన నుంచి చీలమండ లోపలి ఎముక దాకా టేపు పెట్టి రెండు కాళ్ళూ కొలిచాడు. ఎక్స్‌రే చూపించాడు. "సమానంగానే ఉన్నాయమ్మా" అన్నాడు. ఆమె టేపు వంక చూసి, "అది పడుకున్న కాలు నాయనా, నేను చెప్పేది నిలబడ్డ కాలు" అంది. ఇద్దరూ నిజమే చెప్పారు.

2009లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ పరిశోధకులు 1,114 మంది తుంటి మార్పిడి రోగులను విచారించారు. దాదాపు 30 శాతం మంది తమ కాళ్ళలో తేడా ఉందన్నారు. వారిలో ఎక్స్‌రే మీద నిజంగా తేడా కనిపించినది 36 శాతం మందికే. మిగిలినవారంతా భ్రమపడ్డారని తేల్చేస్తే పొరపాటవుతుంది. కాలికి మూడు పొడవులున్నాయి. మొదటిది ఎముకల పొడవు. అది టేపుకు దొరుకుతుంది. రెండవది నిలబడినప్పటి పొడవు. ఏళ్ళ తరబడి నొప్పితో కాలిని ఒక భంగిమలో దాచుకున్న మనిషికి తుంటి చుట్టూ కండరాలు బిగుసుకుని, నడుము ఒకవైపు వాలి ఉంటుంది. ఎముకలు సమానమైనా ఆ వాలు వల్ల ఒక కాలు పొడుగ్గా నేలకు తగులుతుంది. మూడవది మనసుకు అలవాటైన పొడవు. కీలు అరిగి కాలు కొద్దికొద్దిగా కురచనవుతున్నప్పుడు దేహం ఆ కురచనే సమానంగా నేర్చుకుంటుంది. వైద్యుడు దాన్ని తిరిగి సరిచేసినప్పుడు, సరిచేసినదే హెచ్చుగా తోస్తుంది.

రెండవ రకం గురించి 1997లో న్యూయార్క్ నుంచి వ్యాసం రాసినవారిలో చిత్తరంజన్ రణావత్ ఒకరు. ఇండోరులో వైద్యం చదివి అమెరికా వెళ్ళినవాడు. వాజపేయి ప్రధానిగా ఉండగా ఆయన మోకాళ్ళకు శస్త్రచికిత్స చేసినది ఈయనే. ఇటువంటి వాలు వల్ల కలిగే తేడా మొదటి నెలలో కనిపించినా, కండరాలు సాగి, నడుము సర్దుకుని, ఆరు నెలలకల్లా పోతుందని ఆ వ్యాసం సారాంశం. అందుకే అనుభవమున్నవారు చెప్పు కింద ఎత్తు పెట్టడానికి తొందరపడవద్దంటారు. తొందరపడి ఎత్తు పెడితే దేహం ఆ ఎత్తుకే అలవాటుపడి, వాలు సర్దుకునే అవకాశం పోతుంది. ఆరు నెలల తరువాతా మిగిలిన తేడాకే ఎత్తు కావాలి. అదైనా తేడా మొత్తానికి కాదు, కొంత భాగానికే.

ఇక్కడ మన దేశపు సంగతి ఒకటి చెప్పాలి. ఆ వ్యాసాలన్నింటిలోనూ చెప్పు కింద ఎత్తు అన్నది ఒక తేలికైన పరిష్కారంగా కనిపిస్తుంది. అవి నిద్ర లేచింది మొదలు పడుకునేదాకా బూట్లతో తిరిగే దేశాల్లో రాసినవి. మన ఇళ్ళల్లో చెప్పులు గుమ్మం బయటే ఆగిపోతాయి. మా అమ్మ రోజులో ఎక్కువ భాగం వట్టి కాళ్ళతో వంటింట్లోనూ, పూజగది ముందూ, పెరట్లోనూ గడుపుతుంది. ఏ ఎత్తు పెట్టినా అది సంతకు వెళ్ళినప్పుడే పనికొస్తుంది. ఆరు నెలలు గడిచాక ఆమెకు మిగిలిన కొద్దిపాటి తేడా కోసం ఇంట్లో వేసుకునేందుకని ప్రత్యేకంగా ఒక మెత్తటి జోడు కుట్టించాం. పూజగది గడప దగ్గర మాత్రం దాన్నీ విడుస్తుంది. అక్కడ తలుపు చెక్క పట్టుకుని నిలబడుతుంది. చెప్పులు విడిచే దేశాల్లో సెంటీమీటరుకు బరువెక్కువ. ఈ మాట మన వైద్యులే రాయాలి.

ఇప్పుడు కంప్యూటరు దారి చూపుతుంది, యంత్రహస్తం ఎముకను మలుస్తుంది, రోగిని వెల్లకిల పడుకోబెట్టి ముందువైపు నుంచి చేసే పద్ధతిలో బల్ల మీదే రెండు కాళ్ళూ పోల్చి చూసుకోవచ్చు. మొదటి పొడవును ఇవన్నీ మిల్లీమీటర్లలో పట్టుకుంటాయి. రెండవ దానికి కాలమూ వ్యాయామమూ కావాలి. మూడవ దానికి ముందుగా చెప్పిన ఒక మాట కావాలి. "మీ కీలు జారకుండా ఉండాలంటే కాలు కాస్త పొడుగవవచ్చు, కాకున్నా అలా తోచవచ్చు, ఆరు నెలలు ఓపిక పట్టండి" అన్న మాట శస్త్రచికిత్సకు ముందు విన్నవాడికి అది బేరం. తరువాత విన్నవాడికి అది సాకు. మాట అదే, చెప్పిన వేళలో తేడా.

చార్న్‌లీకి 1977లో సర్ బిరుదు వచ్చింది. 1982లో ఆయన మరణించాడు. తన తొడలో ప్లాస్టిక్ పొడి ఎక్కించుకున్న ఆ మనిషి, రోగి దేహంలో జరిగేది రోగికన్నా ఎవరికీ ముందు తెలియదని ఎరిగినవాడే అనిపిస్తుంది నాకు. మీ ఇంట్లో ఎవరైనా ఈ శస్త్రచికిత్సకు సిద్ధమవుతుంటే వైద్యుణ్ణి ఈ అర అంగుళం గురించి ముందే అడగండి. ఇప్పటికే చేయించుకున్న పెద్దవాళ్ళు గచ్చు ఏటవాలుగా ఉందంటే, టేపు తీసే ముందు వారిని ఒకసారి నిలబెట్టి చూడండి. మీ ఎరుకలోని అనుభవాలుంటే వ్యాఖ్యల్లో రాయండి. వట్టి కాళ్ళ దేశంలో ఈ చరిత్ర ఇంకా రాయవలసే ఉంది.